ఎవరు చెల్లించాలి? టోల్‌ఫ్రీ సంఖ్యలు, కంప్యూటర్ డయలింగ్ నియమాలు: ఒక చారిత్రక పరిశీలన

టెలిఫోన్ వ్యవస్థ ఏర్పడిన నాటినుండి పిలిచినవారే రుసుము చెల్లించడం సాధారణ నియమం. పిలుపును అందుకొనేవారు ఖర్చు భరించే పద్ధతి అమెరికాలో చాలాకాలంగా ఉన్నప్పటికీ, దానికి మధ్యలో ఆపరేటర్ అవసరమయ్యేది. అవతలివారు అంగీకరించిన తరువాతే లైను కలిపేవారు. 1967లో ఏటీ అండ్ టీ సంస్థ 800 అంకెలతో ప్రారంభించిన సేవ ఈ సంభాషణను అనవసరం చేసింది. అంగీకారాన్ని నోటితో చెప్పనక్కరలేకుండా మూడంకెలే చెప్పసాగాయి. కంప్యూటర్ చేత ఫోన్ చేయించవలసి వచ్చినప్పుడు తలెత్తిన చిక్కులకు మూలం ఇక్కడే ఉంది. ఖర్చు ఎవరిదో యంత్రం అంకెలను చూసి మాత్రమే నిర్ణయించుకోవాలి.

800 అన్నది ప్రాంత కోడ్ స్థానంలో కూర్చున్నదే కాని ఏ ప్రాంతానికీ చెందినది కాదు. తొలినాళ్లలో దాని తరువాతి మూడంకెలు కొంత భౌగోళిక సమాచారాన్ని మోసేవి. బెల్ ల్యాబ్స్‌కు చెందిన రాయ్ వెబర్ రూపొందించిన డేటాబేస్ పద్ధతికి 1980లో పేటెంట్ లభించింది. మరుసటి ఏడాది అది ఆచరణలోకి వచ్చింది. అప్పటినుండి టోల్‌ఫ్రీ సంఖ్య చిరునామా కాదు, మారుపేరు మాత్రమే. అసలు గమ్యాన్ని డేటాబేస్ వెదికి ఇస్తుంది. 1993 మే 1 నుండి చందాదారు తన సంఖ్యను వదులుకోకుండానే కంపెనీని మార్చుకొనే వీలు కలిగింది.

ఇటువైపు, 1981లో వచ్చిన హేస్ స్మార్ట్‌మోడెమ్ కంప్యూటర్ ఆజ్ఞతో నంబరును డయల్ చేయగలిగేది. దానికి నియమాలతో పనిలేదు. ఇచ్చిన అంకెలను వరుసగా పంపడం, కామా కనబడితే కొద్ది క్షణాలు ఆగడం, అంతే. కార్యాలయంలో బయటి లైను కోసం ముందు 9 నొక్కాలన్న సంగతి, దూరపు పిలుపుకు 1 చేర్చాలన్న సంగతి వాడుకరి బుర్రలోనే ఉండేవి.

ఆ జ్ఞానాన్ని యంత్రానికి అప్పగించే ప్రయత్నం విండోస్ 95 కాలానికి సామాన్య వాడుకరి తెరమీదికి వచ్చింది. నంబరును దేశ కోడ్, ప్రాంత కోడ్, స్థానిక సంఖ్య అని విడగొట్టి భద్రపరచి, వాడుకరి ఉన్న చోటినిబట్టి ఏ అంకెలు పంపాలో వ్యవస్థే తేల్చేది. ఆలోచన మంచిదే. అయితే ఈ అమరిక పిలుపులను స్థానికం, దూరం, అంతర్జాతీయం అని దూరాన్నిబట్టి విభజించింది. ఖర్చు భరించేవారినిబట్టి విభజించలేదు. 800 వేరే ప్రాంత కోడ్ గనుక దూరపు పిలుపుగా లెక్కకు వచ్చేది. కాలింగ్ కార్డు అమరిక పెట్టుకొన్నవారి విషయంలో ఇది విడ్డూరంగా పరిణమించేది: ఉచితంగా చేరగల సంఖ్యకు కూడా కార్డు మీద పిలుపు వెళ్లేది. దీనికి విరుగుడుగా, కోడ్ నియమాలను పక్కనబెట్టి అంకెలన్నిటినీ ఉన్నవి ఉన్నట్టుగా రాసుకోవడమే మార్గం. అంటే హేస్ మోడెమ్ నాటి పద్ధతికే తిరిగి వెళ్లడం.

ఇంతలో 800 సంఖ్యలు నిండుకున్నాయి. 1996 మార్చిలో 888 అమలులోకి వచ్చింది. అమెరికాలో ప్రాంత కోడ్ నడిమి అంకె 0 గాని 1 గాని అయి ఉండాలన్న పాత కట్టుబాటు 1995లోనే సడలినా, కార్యాలయాల్లోని పాత పీబీఎక్స్ యంత్రాలకు ఆ కట్టుబాటు తప్ప మరొకటి తెలియదు. వాటి నిషేధ పట్టికల్లో కొత్త వరుసను చేర్చేవరకు 888 ఉచితమని గ్రహించే దారి లేదు. ఆ తరువాత 1998లో 877, 2000లో 866, 2010లో 855, 2013లో 844, 2017లో 833 వచ్చాయి. ప్రతిసారీ పట్టికను చేతితో సవరించవలసిందే.

1999లో మార్క్ స్పెన్సర్ ప్రారంభించిన ఆస్టరిస్క్ సాఫ్ట్‌వేర్ మామూలు కంప్యూటర్‌నే ఎక్స్ఛేంజిగా మార్చింది. దాని డయల్ ప్రణాళికలో ‘ఎక్స్’ అక్షరం ఏ అంకెకైనా, ‘ఎన్’ అక్షరం 2 నుండి 9 వరకు గల అంకెకు సంకేతం. టోల్‌ఫ్రీ పిలుపులను వేరే దారికి మళ్లించడానికి ఒక్కొక్క కోడ్‌కు ఒక్కొక్క వరుస రాయడం మేలైన పద్ధతి. శ్రమ తగ్గించుకోవాలని 8 తరువాత 6, 7, 8లలో ఏవైనా రెండంకెలు అని ఒకే సూత్రం రాస్తే, 866, 877, 888లతో పాటు జమైకా కోడ్ 876, ట్రినిడాడ్ కోడ్ 868, కెనడా ఉత్తర భూభాగాల కోడ్ 867 కూడా అందులో పడతాయి. ఈ కరేబియన్ దేశాలు కూడా అమెరికా సంఖ్యా ప్రణాళికలోనివే. డయలింగ్‌లో తేడా కనబడదు, బిల్లులో మాత్రం కనబడుతుంది. టోల్‌ఫ్రీ కోడ్‌లలో చివరి రెండంకెలు ఒకటే అన్న లక్షణం కంటికి ఇట్టే తెలుస్తుంది. ఆ లక్షణాన్ని చెప్పగల సంకేతం మాత్రం ఈ సూత్రభాషలో లేదు. ఉద్యోగులు ఉచిత పిలుపులు మాత్రమే చేసుకొనేలా కట్టడి చేసిన సంస్థకు ఇది స్వల్ప విషయం కాదు.

భారతదేశపు 1800 వరుస చూపుకు అమెరికా రూపాన్నే పోలి ఉంటుంది గాని నిర్మాణం వేరు. అక్కడి 1 దూరపు పిలుపుకు ముందు నొక్కే అంకె, 800 కోడ్. ఇక్కడ 1800 మొత్తం ఒకే సేవా సంకేతం. తరువాత ఏడంకెలున్న భారతీయ సంఖ్యలో మొత్తం పదకొండు అంకెలు ఉంటాయి. అమెరికాలో స్థిరపడిన తెలుగువారు స్వదేశంలోని బ్యాంకు సంఖ్యను ఉన్నది ఉన్నట్టుగా నొక్కితే, అక్కడి ఎక్స్ఛేంజి దానిని అమెరికన్ టోల్‌ఫ్రీ సంఖ్యగానే చదువుతుంది. పిలుపు ఎవరికైనా చేరితే ఆ ఖర్చు, బ్యాంకుతో ఏ సంబంధమూ లేని అక్కడి చందాదారు ఖాతాలోకి వెళుతుంది.