పీయూషగ్రంథియు గర్భిణీస్త్రీలును

మన కపాలమునందు, ముక్కు మొదటికి వెనుకగా, చిన్న యెముక గూటిలో శనగగింజంత గ్రంథి యొకటి కలదు. దానికి పీయూషగ్రంథి యని పేరు. వైద్యులు పిట్యూటరీ యందురు. దాని బరువు సుమారు అరగ్రాము. అయినను శరీరపు పెరుగుదల, ఋతుధర్మము, చనుబాలు మున్నగునవి దాని యాజ్ఞకు లోబడినవి. కన్నులనుండి వచ్చు నాడులు రెండును దాని మీదనే కలిసికొని సాగును. ఈ పొరుగుతనమే మన కథకు మూలము.

గర్భము ధరించిన స్త్రీకి ఈ గ్రంథి సహజముగనే పెరుగునని 1909లో ఎర్డ్‌హైమ్, స్టుమ్మె యను వైద్యులు వర్ణించిరి. అంతకు రెండేండ్ల ముందే, 1907లో, ఆస్ట్రియా దేశపు ష్లోఫర్ ముక్కు మార్గమున శస్త్రచికిత్స చేసి యీ గ్రంథి కంతిని తొలగించెను. కాని కంతి గల స్త్రీ గర్భవతియైనచో నేమి చేయవలెనను ప్రశ్న యా దినములలో నరుదుగా గాని రాలేదు. ఏలయన, ఈ కంతులలో మిక్కిలి సాధారణమైనది ముట్టును నిలిపివేయును, బిడ్డ లేకయే చనుబాలు స్రవింపజేయును, గర్భము నిలువనీయదు. లోకము ఆమెను గొడ్రాలనెను. ఆమె నోములు నోచెను, చెట్లు చుట్టెను, సవతిని గూడ సహించెను. దోషము శిరస్సునందున్నదని చెప్పువా రెవరు?

ఆ రహస్యము పావురములవలన కొంత బయల్పడినది. పావురము తన పిల్లలకు మేతసంచిలో నూరెడు పాలవంటి పదార్థము నిచ్చును. దానిని పుట్టించు గ్రంథిరసమునకు 1933లో అమెరికాలో రిడిల్ అను శాస్త్రజ్ఞుడు ప్రొలాక్టిన్ అని పేరిడెను. మనుష్యుల రక్తమున దానిని కొలుచుట 1971 నాటికి కెనడాలో ఫ్రీసెన్ బృందమువలన సాధ్యమైనది. ఆ కాలముననే బ్రోమోక్రిప్టిన్ అను మందు వచ్చినది. దాని మూలము రై ధాన్యపు వెన్నులకు పట్టు ఎర్గాట్ అను బూజు. మన సజ్జకు పట్టు తేనెబంక తెగులు దానికి జ్ఞాతియే. అట్టి తెగులునుండి యింత మేలు కలుగుట వింతగా లేదా, శ్రోతలారా?

మందు సేవించిన స్త్రీలకు కంతి క్రుంగినది, ముట్టు మరల వచ్చినది, గర్భము నిలిచినది. సంతోషముతోపాటు భయమును వచ్చినది. గర్భకాలమున నధికమగు స్త్రీరసములు కంతిని మరల పెంచగలవు. పెరిగిన కంతి కన్నుల నాడులను నొక్కును. తలనొప్పి పుట్టును, ఎదుటిది కనబడుచున్నను ప్రక్కనుండి వచ్చు బండి కానరాదు. దానిని వేవిళ్లనియో, దిష్టి యనియో త్రోసివేసిన యిండ్లు లేకపోలేదు.

అయితే అందరికిని సమానమైన భయము లేదు. పది మిల్లీమీటర్లకు లోబడిన కంతులలో నూటికి రెండు మూడు మాత్రమే బాధించునంతగా పెరుగును. అంతకు మించినవానిలో, ముందుగా శస్త్రచికిత్స గాని జరుగనిచో, నూటికి ఇరువది వరకు పెరుగవచ్చును. కావున చిన్న కంతి గలవారికి గర్భము తెలియగనే సాధారణముగ మందు మాన్పింతురు. పెద్దదానికి ఆ నిర్ణయము వైద్యుని యోచనపై నుండును. మూడేసి నెలలకు దృష్టి పరీక్ష చేయుదురు. రక్తములోని ప్రొలాక్టిన్ కొలతను నమ్మరు. అది గర్భిణులందరికిని పెరుగునదే. చూపు తగ్గినచో అయస్కాంత చిత్రము తీసి, మందు మరల నారంభింతురు. అదియు ఫలింపనిచో నడిమాసములలో ముక్కు మార్గమున శస్త్రచికిత్స చేయుదురు. నెలలు నిండవచ్చిన యెడల ప్రసవమునే ముందు జరిపింతురు.

ఒక్కొకప్పుడు కంతిలో రక్తస్రావమై పిడుగువంటి తలనొప్పి, వాంతులు, చూపు మందగించుట ఒక్కుమ్మడి వచ్చును. అప్పుడు జాగు చేయరాదు. శరీరమునకు ప్రాణాధారమైన కార్టిసాల్ రసము తరుగుటచే తల్లి ప్రాణమునకే ముప్పు. ఆసుపత్రిలో వెంటనే హైడ్రోకార్టిసోన్ సూదిమం దిత్తురు.

ప్రసవానంతరము తల్లి బిడ్డకు పాలిచ్చుటవలన కంతి పెరుగునని పూర్వము జంకెడివారు. ఆ భయమునకు ఆధారము కనబడలేదు. పైగా, కొందరు స్త్రీలకు కాన్పు పిదప కంతి మునుపటికంటె చిన్నదై, మందు లేకయే ముట్టు క్రమపడుచున్నది.