గాజుకిటికీయు నెండవేడిమియు



మన పూర్వులు కిటికీలను చిన్నవిగా నుంచిరని కొందఱు పరిహసింతురు. వెలుతురు విలువ నెఱుఁగక వారట్లు చేయలేదు. మండువేసవిలో వెలుతురుతోఁ గూడ వేడిమియు లోనికి వచ్చునని యెఱిఁగియే చేసిరి. మందమైన మట్టిగోడ, క్రిందికి దిగిన చూరు, ముందు పంచ, ద్వారములకుఁ గట్టి నీళ్లు చల్లిన వట్టివేళ్ల తడకలు - ఇవి వారి సాధనములు. తడకలోని నీరు ఆవిరియగుచు గాలిలోని వేడిమిని హరించును.

పిదప పెద్ద గాజుపలకలు వచ్చినవి. గాజు దుమ్ము నాపును గాని యెండ నాపదు. జెనీవా పండితుఁడగు సొస్యూర్ గాజుపలకలు మూసిన పెట్టెను ఎండలో నుంచి పరీక్షింపఁగా, లోపలి వేడిమి నీరు మరుగు వేడిమిని మించెను. కారణ మేమనఁగా, ఎండ గాజుగుండ లోనికిఁ బోయి నేలను, గోడలను కాఁచును. అవి తిరిగి వెడలించు వేడిమిని గాజు సూటిగా బయటికిఁ బోనీయదు. వచ్చుటకు దారి కలదు, పోవుటకు లేదు.

1800లో ఇంగ్లండునందు విలియం హెర్షెల్ అను ఖగోళవేత్త ఎండను పట్టకముచే రంగులుగా విడఁదీసి, ఒక్కొక్క రంగునందు ఉష్ణమాపకము నుంచెను. ఎఱుపునకు ఆవల, కంటి కేమియుఁ గానరాని చోటనే పాదరసము మిక్కిలి పైకెక్కెను. ఎండవేడిమిలో నించుమించు సగము ఇట్టి యగోచరకిరణములదే. వెలుతురును కొంత రానిచ్చుచు వేడిమిని మరలింపవచ్చునను ఆశకు ఇదియే మూలము.

ఆశ ఫలించుటకు నూటయఱువది యేండ్లకుఁ బైగాఁ బట్టెను. 1941లో విన్‌ఫీల్డ్, డిక్సన్ అను బ్రిటనువారు పాలియెస్టరుజాతి పదార్థ మొకదానిని గనిపెట్టిరి. దానిని పలుచని పొరగాఁ జేసి, గాలి తీసివేసిన పాత్రలో అల్యూమినియపు ఆవిరిని దానిపైఁ బట్టించు విద్య తరువాత వచ్చెను. 1960లో అమెరికావా రాకాశమునకుఁ బంపిన 'ఎకో' బుడగ అట్టి పొరతోఁ జేసినదే. 1966లో త్రీ ఎమ్ అను అమెరికా సంస్థ కిటికీగాజున కంటించు పొరకుఁ బేటెంటు హక్కు పొందెను. 1973లో చమురు వెల విపరీతముగాఁ బెరుఁగఁగా, గదులను చల్లఁబఱచు వ్యయమును తగ్గింపఁగోరి జనులు దానిని మఱింత యాదరించిరి.

ఇందు రెండు తెఱఁగులు కలవు. లోహపుఁబొర ఎండను వెనుకకు మరలించును. వట్టి రంగుపొర వేడిమిని తానే పీల్చి గాజును కాఁచును; అందుచే కొన్ని గాజులు పగులుటయుఁ గలదు. కావున గాజు స్వభావము విచారింపక పొర నంటింపరాదు.

ఇది వినోదవిషయము కాదు. 2015 మే నెలలో ఆంధ్ర తెలంగాణములందు వడగాలులకు వేయిమందికిఁ బైగా మరణించిరి. ఎండలోఁ బనిచేయువారికి నీడయు నీరును వలయును; ఇంటనుండు వృద్ధులకును శిశువులకును ఇంటి చల్లఁదనమే రక్ష. కిటికీపొర పైకప్పు వేడిమి నాపఁజాలదు. కప్పునకు సున్నపుఁబూఁతవంటి తెల్లపూఁత మేలు. తెలంగాణ ప్రభుత్వము 2023లో చల్లని పైకప్పుల విధానమును ప్రకటించుటయు నిందులకే.

గాజును చేరకముందే యెండ నాపుట యుత్తమము. పడమటి కిటికీకి పందిరియో, చెట్టో, తడకయో మొదట నమర్పుఁడు. వానికిఁ జోటు లేనిచోట పొర నాశ్రయింపుఁడు. పూర్వుల నీడయు నేటివారి పొరయు ఒకదానికొకటి పగ కావు; రెండును ఎండను గడపవద్దనే నిలుపఁజూచిన ప్రయత్నములే.