మస్టాంగ్ కూపే, చిన్న ఇంజన్లు, అభిమానుల పేచీ

రెండు తలుపులు, వెనక్కి వాలిన పైకప్పు, ముందు ఇద్దరికి సుఖంగానూ వెనక ఇద్దరికి ఇరుకుగానూ ఉండే సీట్లు కలిగిన కారును కూపే అంటారు. అమెరికాలో ఈ తరహా కారును సాధారణ ఉద్యోగి జీతానికి అందే వస్తువుగా మార్చిన ఖ్యాతి ప్రధానంగా ఫోర్డ్ కంపెనీ 1964 ఏప్రిల్ 17న న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో ఆవిష్కరించిన మస్టాంగ్‌కు దక్కుతుంది. ఆ పేరుతో రాబోయే కొత్త నమూనాలో ఇంజన్ చిన్నదవుతుందని తెలిసినప్పుడల్లా అభిమానులు నొచ్చుకోవడం, పత్రికలు ఆ నొప్పిని వార్తగా మలచడం అర్ధ శతాబ్దంగా నడుస్తున్న తంతు. అయితే ఆ నిరసనలను ఆయా సంవత్సరాల ఇంజన్ కొలతలతోనూ అమ్మకాలతోనూ కలిపి చదివితే, అసలు పేచీ ఇంజన్ పరిమాణం మీద జరిగిన సందర్భాలు తక్కువేనని అర్థమవుతుంది.

తొలి మస్టాంగ్‌ను ఫోర్డ్ సంస్థ ఫాల్కన్ అనే తన చవక కుటుంబ కారు భాగాల మీదనే నిర్మించింది. 2,368 డాలర్ల ప్రారంభ ధరకు దొరికే కారులో ఆరు సిలిండర్ల ఇంజన్ ఉండేది. దాని సామర్థ్యం, అంటే పిస్టన్లు పైనుంచి కిందికి దిగినప్పుడు సిలిండర్లలో ఏర్పడే మొత్తం చోటు, 170 ఘనపుటంగుళాలు, సుమారు 2.8 లీటర్లు, శక్తి 101 హార్స్‌పవర్. నాలుగేసి సిలిండర్లు రెండు వరుసలుగా వి ఆకారంలో అమరిన వి8 ఇంజన్ కావాలనుకున్నవారు అదనంగా చెల్లించవలసి వచ్చేది. మొదటి ఏడాదిలోనే నాలుగు లక్షలకు పైగా కార్లు అమ్ముడు కావడానికి శక్తి కన్నా రూపం, ధర ఎక్కువగా తోడ్పడ్డాయి. ఆ తర్వాత ప్రత్యర్థి కంపెనీలతో పోటీ ముదిరి ఇంజన్లు 7 లీటర్ల దాకా ఉబ్బాయి, వాటిని ఇముడ్చుకోవడానికి కారూ పెరిగి 1971 నాటికి తొలి నమూనా కంటే దాదాపు ఎనిమిది అంగుళాలు పొడవైంది. అభిమానుల జ్ఞాపకంలో అసలైన మస్టాంగ్‌గా నిలిచిపోయినది చాలావరకు ఈ నడుమ దశలోని కారే.

1970 నాటి స్వచ్ఛ వాయు చట్టం పొగ గొట్టాల మీద ఆంక్షలు విధించగా, శక్తిమంతమైన కార్లకు బీమా కంపెనీలు రుసుములు పెంచగా, మస్టాంగ్‌ను మళ్లీ చిన్నది చేయాలని అప్పటి ఫోర్డ్ అధ్యక్షుడు లీ అయకోకా పట్టుబట్టాడు. అలా 1973 సెప్టెంబరులో వచ్చిన మస్టాంగ్ 2 అనే నమూనా, పింటో అనే చిన్న కారుతో భాగాలు పంచుకుంటూ, 2.3 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజన్‌తో గాని 2.8 లీటర్ల వి6తో గాని మాత్రమే దొరికేది. ఆ మొదటి సంవత్సరం నమూనాకు వి8 ఊసే లేదు. వేగప్రియులు దీన్ని ద్రోహంగా లెక్కించారు. సరిగ్గా మరుసటి నెలలో అరబ్బు దేశాలు అమెరికాకు చమురు ఎగుమతులు నిలిపివేయడంతో పెట్రోలు బంకుల ముందు వరుసలు పెరిగాయి. ద్రోహమన్న ఆ కారే ఆ నమూనా సంవత్సరంలో 3,85,000కు పైగా అమ్ముడుపోయింది, మోటార్ ట్రెండ్ పత్రిక దాన్ని ఆ ఏటి మేటి కారుగానూ ఎంపిక చేసింది.

ఇక్కడ విమర్శకులు అంతగా పట్టించుకోని విషయం ఒకటి ఉంది. వారు చిన్నచూపు చూసిన 2.8 లీటర్ల వి6, సామర్థ్యంలో 1964 నాటి తొలి కారు ఇంజన్‌తో దాదాపు సమానం. పైగా దాని శక్తి 105 హార్స్‌పవర్. ఈ రెండు అంకెలనూ నేరుగా పోల్చకూడదు కూడా, ఎందుకంటే 1972 నమూనాల నుంచి అమెరికా కంపెనీలు ఫ్యాను, ఆల్టర్నేటర్, సైలెన్సర్ వంటివన్నీ బిగించి ఉన్న ఇంజన్ నుంచి వచ్చే నికర శక్తినే ప్రకటించసాగాయి, అంతకు ముందు ఇచ్చిన అంకెలు అవేవీ లేకుండా కొలిచిన స్థూల శక్తివి. కాబట్టి 105 అన్న అంకె నిజానికి పాత 101 కంటే చాలా మెరుగైనది. అయితే కొత్త కారు పొట్టిదైనా తొలి కారు కంటే బరువైనది కావడం వల్ల ఆ మెరుగు రోడ్డు మీద అంతగా కనబడలేదు. వి8 1975లో తిరిగి వచ్చింది గాని, కాలుష్య నియంత్రణల కింద అణిగిపోయిన ఆ 5 లీటర్ల ఇంజన్‌కు పేరు మిగిలిందే తప్ప బలం అంతగా మిగల్లేదు.

1975 చట్టం ప్రకారం ఒక కంపెనీ అమ్మే కార్లన్నింటి సగటు మైలేజీ 1985 నాటికి గ్యాలన్‌కు 27.5 మైళ్లకు, అంటే లీటరుకు సుమారు 11.7 కిలోమీటర్లకు చేరవలసి ఉండడంతో, ఫోర్డ్ ఇంజనీర్లు టర్బోచార్జర్ వైపు చూశారు. బయటికి పోయే పొగ వేగంతో ఒక చక్రాన్ని తిప్పి, దాని ద్వారా ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో పంపే ఈ పరికరం చిన్న ఇంజన్ చేత పెద్ద పని చేయిస్తుంది. 1979 నాటి కొత్త మస్టాంగ్‌లో పెట్టిన తొలి టర్బో మన్నిక విషయంలో చెడ్డపేరు తెచ్చుకుంది. 1984లో వచ్చిన ఎస్‌వీఓ అనే ప్రత్యేక నమూనా మాత్రం లోపలికి వెళ్లే గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌తో, నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులతో, 2.3 లీటర్లతోనే 175 హార్స్‌పవర్ ఇచ్చేది. ముందు భాగం తేలికగా ఉండడం వల్ల మలుపుల్లో అది వి8 కారు కంటే చక్కగా నడిచేదని పరీక్షించినవారు మెచ్చుకున్నారు. కాని అదే ఏడాది 5 లీటర్ల వి8 జీటీ కూడా 175 హార్స్‌పవరే ఇస్తూ పదివేల డాలర్ల లోపు దొరికేది, ఎస్‌వీఓ ధర పదిహేను వేలు దాటింది. మూడేళ్లలో పదివేల ఎస్‌వీఓలైనా అమ్ముడుపోలేదు. దీన్ని చిన్న ఇంజన్ ఓటమిగా చెప్పుకోవడం సరికాదు. కొనేవాడు లెక్క వేసుకున్నాడు, అంతే.

అభిమానుల నిరసన కంపెనీ నిర్ణయాన్ని నిజంగా మలుపు తిప్పిన ఘట్టం 1987లో జరిగింది. జపాన్‌కు చెందిన మాజ్డా సాంకేతికతతో, ముందు చక్రాలకు శక్తినిచ్చే నాలుగు సిలిండర్ల కూపేను తర్వాతి మస్టాంగ్‌గా తేవాలని ఫోర్డ్ యోచిస్తున్న సంగతిని ఆటోవీక్ పత్రిక బయటపెట్టగానే కంపెనీకి ఉత్తరాలు వెల్లువెత్తాయి. ఆ ఉత్తరాల్లో స్వదేశాభిమానం, కొంత జపాన్ ద్వేషం కూడా ఉన్న మాట నిజమే గాని, వాటి మూల వాదన మాత్రం న్యాయమైనది: ఇంజన్ ముందుండి వెనక చక్రాలు తిరిగే అమరికే ఆ కారు నడకకు ఆధారం, అది పోతే మిగిలేది పేరు మాత్రమే. ఫోర్డ్ వెనక్కి తగ్గి ఆ కారును ప్రోబ్ పేరుతో విడుదల చేసి, పాత మస్టాంగ్‌ను 1993 దాకా కొనసాగించింది. ప్రోబ్ ఉత్పత్తి 1997లో ముగిసింది.

2015 నమూనాలో నాలుగు సిలిండర్లు మళ్లీ వచ్చినప్పుడు గొడవ శబ్దం మీదకి మళ్లింది. ఎకోబూస్ట్ అనే 2.3 లీటర్ల టర్బో ఇంజన్ 310 హార్స్‌పవర్ ఇస్తూ అదే కారులోని 3.7 లీటర్ల వి6ను మించిపోయింది గనుక బలం గురించి ఫిర్యాదుకు తావు లేకపోయింది. వి8లో వినబడే బరువైన గురగుర ఇందులో లేదన్నదే బాధ. దాన్ని తీర్చడానికి ఫోర్డ్ స్పీకర్ల ద్వారా ఇంజన్ ధ్వనిని పెంచి వినిపించే ఏర్పాటు చేసి, ఎలాంటి ధ్వని నచ్చుతుందో మస్టాంగ్ అభిమాన సంఘాల సభ్యులనే అడిగి తెలుసుకుంది.

ఎకోబూస్ట్ పేరు భారతదేశానికి అంతకు ముందే, 2013లో, మస్టాంగ్‌తో కాక ఎకోస్పోర్ట్‌తో వచ్చింది. నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు పెట్రోలు ఇంజన్ ఉన్న కార్లకు ఇక్కడ తక్కువ ఎక్సైజ్ సుంకం వర్తించేది. ఒక లీటరు టర్బో ఇంజన్ ఉన్న ఎకోస్పోర్ట్ ఆ హద్దులోకి వచ్చింది, చిన్న ఇంజన్ మీద ఇక్కడ పెద్ద అభ్యంతరమూ రాలేదు. 2016లో మస్టాంగ్ భారత విపణిలోకి అడుగుపెట్టినప్పుడు మాత్రం ఫోర్డ్ నాలుగు సిలిండర్ల కారును తేలేదు. సుమారు 65 లక్షల రూపాయల ధరకు 5 లీటర్ల వి8 ఒక్కదాన్నే అమ్మింది.