వారాలన్నము మొదలు వసతిగృహము దాక

మన తాతలు తమ చదువుల ముచ్చట చెప్పునప్పుడు ముందుగా వచ్చుమాట ‘వారాలు’. పల్లెనుండి పట్టణమునకు చదువుకై వచ్చిన పేదపిల్లవాడు సోమవార మొక యింట, మంగళవార మొక యింట భోజనము కుదుర్చుకొని వారము గడుపుకొనెడివాడు. రెండిండ్లు తప్పిపోయినచో ఆ రెండు పూటలు మంచినీళ్లే. ఆ కూడును కులము చూచి పెట్టినదే. అన్ని కులముల పిల్లలకు ఆ వాకిళ్లు తెరచుకొనలేదు. విశ్వవిద్యాలయము లెప్పుడు పుట్టెనో చరిత్రకారులు చెప్పుదురు గాని, అందు చేరిన పల్లె కుర్రవాడు రాత్రి ఎక్కడ పండుకొనెనో చెప్పరు. వాడు మొదటి యేడు దాటి రెండవ యేట నిలుచుట తరచుగా దానిమీదనే ఆధారపడియుండెను.

ఆంధ్రకేసరి ప్రకాశం పంతులుగారి బాల్యము మనమెరిగినదే. 1872లో పుట్టి, చిన్ననాటనే తండ్రిని పోగొట్టుకొనిరి. తల్లి సుబ్బమ్మగారు ఒంగోలులో పూటకూళ్లిల్లు నడిపిరి. పరీక్ష రుసుమునకై పట్టుచీర తాకట్టు పెట్టిరి. గురువు ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారు తమ వెంట రాజమహేంద్రవరము తీసికొని పోయి చదివించిరి. అట్టి గురువు దొరకని పిల్లలు ఊరికొక డుండిరి.

నిజాము రాష్ట్రములో కష్టము మరియొక మెట్టు పైనుండెను. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధన ఉర్దూలో జరిగెడిది. ఇంట తెలుగు, బడిలో ఉర్దూ. అదే 1918లో కొత్వాలు రాజబహద్దరు వేంకటరామారెడ్డిగారి పూనికతో హైదరాబాదున రెడ్డి వసతిగృహము వెలసెను. తరువాత సురవరము ప్రతాపరెడ్డిగారు దాని నిర్వహణ చూచిరి. దూరపు జిల్లాల పిల్లవానికి పట్టణమున ఒక చాప, ఒక దీపము, రెండు పూటల అన్నము దొరకుట చిన్న విషయము కాదు. కులము పేర లేచినదను మాట నిజమే. ఆ పేరులేనివారి పాట్లు వేరు. ఆడపిల్లలకై 1928లో మాడపాటి హనుమంతరావుగారు తెలుగు పాఠశాల పెట్టగా, ఉస్మానియావారి గుర్తింపు దొరకక పూనాలోని కర్వే మహిళా విశ్వవిద్యాలయముతో సంబంధము కలుపుకొనవలసి వచ్చెను. తెలుగు బాలికల చదువుకు మహారాష్ట్ర ఆనాడే అండయైనదని ఇక్కడివారమైన మనము కొంత గర్వింపవచ్చును.

మన నాగపూరు వంతు పదేండ్ల తరువాత వచ్చెను. 1938 చివర ఉస్మానియా వసతిగృహములలో వందేమాతర గీతమును నిషేధింపగా విద్యార్థులు ఎదురుతిరిగిరి. వారిని వసతిగృహములనుండి, కళాశాలలనుండి వెళ్లగొట్టిరి. చదువు పోవుటకు ముందు గూడు పోయెను! నాగపూరు విశ్వవిద్యాలయము వారిలో పలువురిని చేర్చుకొనెను. ప్రవేశము దొరకినంతనే కష్టము తీరునా? ఉర్దూలో నేర్చిన లెక్కలు, శాస్త్రములు ఇంగ్లీషులో మరల నేర్వవలెను. మరాఠీ బజారులో బియ్యము బేరమాడవలెను. ఊరినుండి మనియార్డరు రాని నెలలో గది బాడుగ చెప్పుకొనవలెను. పేరు నిలిచినవారు పట్టము పుచ్చుకొన్నవారే. తిరుగు రైలెక్కినవారి పేర్లు ఏ సన్మానపత్రమందును ఉండవు.

నాడు వరంగల్లు కళాశాలనుండి వెలివేయబడినవారిలో వంగర గ్రామపు యువకుడొకడు నాగపూరు చేరి, పూనాలోను చదివి పట్టభద్రుడయ్యెను. ఆయనయే పి.వి. నరసింహారావుగారు. ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిగా నుండగా 1971లో నల్లగొండ జిల్లా సర్వేలులో గురుకుల పాఠశాల ప్రారంభమయ్యెను. పిమ్మట కేంద్ర విద్యాశాఖ వారి చేతిలో నున్న కాలముననే నవోదయ విద్యాలయములు వచ్చినవి. 1985-86లో మొదట తెరచిన రెండింటిలో ఒకటి మన పొరుగున అమరావతిలోనిది. అందు నూటికి డెబ్బదియైదు తగ్గకుండ స్థానములు పల్లెపిల్లలవి. తిండి, పడక, పుస్తకములు అక్కడనే. గూడు పోయిన నాటి అనుభవము ఇందులకు ప్రేరణయా అని ఎవరైన అడిగినచో మేము రుజువు చూపలేము గాని, కాదని అనుకొనుటకును మనసొప్పదు.

ఇప్పుడు కళాశాలలకు కొరత లేదు. 2021-22 ప్రభుత్వ లెక్కలో దేశమున 18 మొదలు 23 ఏండ్ల ప్రాయమువారి సంఖ్యతో పోల్చగా ఉన్నత విద్యలో చేరియున్నవారు నూటికి 28కి పైగా తేలిరి. అది చేరినవారి లెక్క. నిలిచినవారి సంగతి వేరు. ఉపకారవేతనము ఆలస్యమైన నెలలో, అక్క పెండ్లి కుదిరిన యేట, పత్తిచేను ఎండిన సంవత్సరమున చదువు ఇప్పటికిని నిలిచిపోవుచున్నది.

ప్రతి యుగాదికి మన పంక్తిలో సిర్పూరు, ఆసిఫాబాదు వైపు పల్లెలనుండి వచ్చి ఇచట చదువుకొను కుర్రవాండ్రు నలుగురైదుగురు కూర్చుందురు. “ఏ ఊరు బాబూ, ఎవరి అబ్బాయివి?” అని అడిగి మరి రెండు బొబ్బట్లు వడ్డింతుము. నిరుడు వచ్చినవారిలో ఇద్దరు ఈ యేడు కనబడలేదు. వారి గది ఏ వీధిలోనిదో మనలో ఎవరమును అడిగియుండలేదు.