పెరటి కొండ మీద మంచు

మన యింటి పెరట్లో ఏముంటాయి? ఓ కరివేపాకు చెట్టు, ఓ నుయ్యి, బట్టలారేసుకునే తీగ. అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో ఒక యింటి పెరట్లో ఏకంగా ఒలింపిక్ బంగారు పతకమే పండింది! నవ్వకండి, నిజంగా జరిగిన కథే.

మంచు మీద జారడానికి కావలసింది రెండు స్కీలు, కాస్త ధైర్యం. జారడం ఎంతసేపు? మళ్ళీ కొండెక్కడమే ప్రాణం మీదికొస్తుంది. ఆ అవస్థకి అమెరికాలో మొదటి విరుగుడు 1934 జనవరిలో, వెర్మాంట్‌లోని వుడ్‌స్టాక్ అనే వూళ్ళో దొరికింది. అక్కడ చిన్న హోటలు నడుపుకునే భార్యాభర్తలు పూనుకుని, క్లింటన్ గిల్బర్ట్ అనే రైతు పశువుల్ని మేపుకునే కొండవాలు మీద ఒక తాడు వేయించారు. దాన్ని తిప్పింది మోడల్ టి ఫోర్డు కారు ఇంజను. మన నూతి గిలకా, చేంతాడూ గుర్తు తెచ్చుకోండి. బొక్కెనకి బదులు మనుషులన్నమాట! తాడు పట్టుకుంటే అదే పైకి లాక్కుపోతుంది. చేతి తొడుగులు అరిగిపోయేవి, భుజాలు పీకేవి. అయినా ఎవరికి పట్టింది?

ఏటవాలు పొలం, పాత ఇంజను, ఓ తాడు వుంటే చాలునని తెలిశాక న్యూ ఇంగ్లండ్ ప్రాంతమంతా యిలాంటి చిన్న కొండలు వందలకొద్దీ వెలిశాయి. చాలాచోట్ల అది కుటుంబమంతా కలిసి చేసుకునే పని. పెద్ద చదువులూ, పెద్ద పెట్టుబడులూ అక్కర్లేదు.

1961లో రిచ్‌మండ్ అనే వూళ్ళో మికీ కాక్రన్, జిన్నీ దంపతులు తమ యింటి వెనక కొండకి 400 అడుగుల తాడు వేయించారు. వాళ్ళకి నలుగురు పిల్లలు: మేరిలిన్, బార్బరా ఆన్, బాబ్, లిండీ. బడి నుంచి రాగానే సాధన చెయ్యాలంటే రోజూ పెద్ద కొండలకి తీసుకెళ్ళడం అయ్యే పనా? ఆ తాడు చూసి యిరుగుపొరుగు పిల్లలూ చేరారు. ఆ దంపతులు కాదనలేదు. చలి కాచుకోవడానికి అందరికీ జిన్నీ వంటిల్లే దిక్కు. ఆ తడి బూట్ల కింద నేల రోజుకెన్నిసార్లు తుడుచుకునేదో ఆ మహాతల్లి! దాని లెక్క ఎవరూ రాసిపెట్టలేదు. పతకాల లెక్క మాత్రం వుంది. నలుగురు పిల్లలూ దేశపు జట్టులో చేరారు. 1969లో మేరిలిన్ ప్రపంచ కప్పు జెయింట్ స్లాలంలో మొదటి స్థానం గెల్చుకుంది. 1972లో సపోరో ఒలింపిక్స్‌లో బార్బరా ఆన్ స్లాలంలో బంగారు పతకం తెచ్చింది. రెండో అమ్మాయికీ తనకీ తేడా సెకనులో నూరోవంతులు రెండంటే రెండే!

కానీ అప్పటికే చిన్న కొండలకి గడ్డురోజులు మొదలయ్యాయి. కొత్త హైవేలు పడ్డాక జనం దూరపు పెద్ద కొండలకి పోసాగారు. మంచు కురవని యేడు పెద్దవాళ్ళు యంత్రాలతో మంచు చేసుకున్నారు. చిన్నవాళ్ళకి అంత డబ్బేదీ? 1973లో పెట్రోలు కరువొచ్చిపడింది. 1978లో, ఒక పెద్ద కొండ మీద పడి కాళ్ళూ చేతులూ చచ్చుబడిన యువకుడికి 15 లక్షల డాలర్లు యివ్వాలన్న తీర్పుని వెర్మాంట్ సుప్రీంకోర్టు ఖాయం చేసింది. ఆ కుర్రాడి కష్టం చూస్తే తీర్పు తప్పని యెలా అంటాం? అయితే ఆ తర్వాత కొండలన్నిటికీ బీమా ఖర్చు పెరిగిపోయింది. ఆ బరువు చిన్నవాళ్ళు మొయ్యలేకపోయారు. న్యూ ఇంగ్లండ్‌లో యిప్పటివరకూ మూతబడ్డ కొండలు 600 పైమాటే.

మిగిలినవాళ్ళు ఎలా మిగిలారు? అదీ నాకు ఆసక్తి. వెర్మాంట్‌లోనే మ్యాడ్ రివర్ గ్లెన్ అనే కొండని 1995లో, అక్కడ జారడానికొచ్చేవాళ్ళే వాటాలు కొనుక్కుని సహకార సంఘంగా మార్చుకున్నారు. 1948 నాటి లిఫ్టుకి కుర్చీకొక్క మనిషే పడతాడు. 2007లో దాన్ని బాగుచేయించినప్పుడు కూడా రెండో మనిషికి చోటు పెట్టలేదు. పట్టుదలంటే అదీ! కాక్రన్లు యింకో దారి పట్టారు. 1998లో కొండని లాభాపేక్ష లేని సంస్థగా మార్చేశారు. డబ్బు లేదని ఏ పిల్లనీ, పిల్లవాణ్ణీ వెనక్కి పంపకూడదన్నది వాళ్ళ నియమం. 2022లో బీజింగ్ ఒలింపిక్స్‌లో సూపర్-జి పోటీలో బార్బరా ఆన్ కొడుకు రయన్‌కి వెండి పతకం వచ్చింది. అమ్మ బంగారానికి సరిగ్గా యాభయ్యేళ్ళ తర్వాత!

ఆ వార్త చదివినరోజు నాకు మా తాతగారి మామిడితోట గుర్తొచ్చింది. వేసవి సెలవల్లో మా పిల్లలమే కాదు, వూళ్ళో పిల్లలంతా అక్కడే వుండేవాళ్ళం. తాతగారు పోయాక ముగ్గురు కొడుకులకీ మూడు వాటాలైంది. ఎవరి అవసరాలు వాళ్ళవి, ఎవర్నీ తప్పుపట్టను. పంచకుండా పదిమందికీ వుంచెయ్యొచ్చునన్న ఆలోచన మాత్రం మాలో ఎవరికీ రాలేదు. మొన్న సంక్రాంతికి వెళ్ళి చూశాను. ఒక్క చెట్టు మిగిలింది, ఎవరిదో ప్రహరీగోడ లోపల.