నాయిన మెప్పు: వలస నవలలో కొడుకు, పాలమూరు ఇంట్లో కొడుకు

వలస కుటుంబాల మీద వచ్చిన నవలల్లో తండ్రి మెప్పు కోసం తపించే కొడుకు తరచుగా కనిపిస్తాడు. ఆ తపనను తరాల అంతరంగానో, రెండు సంస్కృతుల మధ్య నలుగుబాటుగానో చదవడం విమర్శలో అలవాటైంది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పల్లెల వైపు నుంచి చూస్తే ఆ వివరణ చాలదు. సొంత నేల దక్కని తండ్రి తన బతుకే గెలిచిందో ఓడిందో తేలక కూర్చుని ఉంటాడు. అలాంటి మనిషి నోట కొడుకుకు మెప్పు ఎక్కడి నుంచి రావాలి? మలేసియా రచయిత కె.ఎస్. మణియం నవల ‘ది రిటర్న్’ (1981) ఆధారంగా ఈ మాటను పరిశీలిస్తున్నాను.

మణియం 1942లో కెడా రాష్ట్రంలోని బెడోంగ్‌లో పుట్టాడు. ఇంగ్లండులోని వుల్వర్‌హాంప్టన్‌లో ఉపాధ్యాయ శిక్షణ పొందాడు. నవలలో కథ చెప్పే రవిదీ అదే దారి. రవి నాయనమ్మ పెరియతాయి ముగ్గురు కొడుకులతో ఇండియా నుంచి మలయా చేరి, కష్టపడి ఒక ఇల్లు నిలబెడుతుంది. ఆ స్థలం మాత్రం ఆమె పేరున లేదు. తండ్రి ఆస్పత్రి బట్టలు ఉతుకుతాడు. అతన్ని అందరూ నైన అంటారు; పాలమూరు పిల్లల ‘నాయిన’కు ఎంతో దగ్గరి పిలుపు. రవి ఇంగ్లిషు బడిలో చదివి, ఇంగ్లండు వెళ్లి, పంతులై తిరిగొస్తాడు. ఆ సరికి తండ్రి మనసు మరెక్కడో ఉంది. ఏటి ఒడ్డున, తనది కాని నేల మీద ఇల్లు కట్టడమే అతనికి లోకమైపోయింది. పలు భాషలు కలగలిసిన మాటలు మంత్రాల్లా పలుకుతూ, చివరకు ఆ ఇంటితోపాటే కాలిపోతాడు. నవల తండ్రి స్మృతిలో రాసిన కవితతో ముగుస్తుంది.

నైన కొడుకును మెచ్చకపోవడానికి కాఠిన్యం కారణం కాదని నా అభిప్రాయం. తల్లికి దక్కనిది తనకైనా దక్కాలన్న పట్టుదల అతన్ని పూర్తిగా మింగేసింది. కొడుకు తెచ్చిన చదువు ఆ నేలను అతనిది చేయలేదు. ట్రినిడాడ్ నుంచి వచ్చిన నైపాల్ నవల ‘ఎ హౌస్ ఫర్ మిస్టర్ బిశ్వాస్’ (1961)లోనూ తండ్రి జీవితమంతా ఇంటి చుట్టూనే తిరుగుతుంది. నైపాల్ తండ్రి సీపర్సాద్ 1953లో కన్నుమూసే నాటికి కొడుకు ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్నాడు. 1999లో అచ్చయిన వారి ఉత్తరాలు చూస్తే, తన కథలు అచ్చు వేయించమని తండ్రే కొడుకును అడుగుతున్నాడు. మెప్పు కావలసింది అక్కడ తండ్రికి.

మలయా తోటలకు కూలీలను కూర్చింది కంగాణీలు. కంగాణీ సొంత ఊరికొచ్చి, అడ్వాన్సు చేతిలో పెట్టి, తెలిసినవాళ్లనే వెంట తీసుకుపోయేవాడు. 1938లో భారత ప్రభుత్వం ఆ వలసను ఆపేసింది. పాలమూరులో గుంపు మేస్త్రీ చేసిందీ అలాంటి పనే. అడ్వాన్సు చాలాసార్లు ఆలుమగలిద్దరి మీద ఉంటుంది. సీజన్ చివర లెక్క చూసినప్పుడు బాకీ మిగిలితే మరుసటి ఏడు మళ్లీ పోవాలి. పిల్లవాడు ఊళ్లో అవ్వ దగ్గర ఉంటాడు. నేల పోయిన బాధ కూడా ఇక్కడ కొత్తది కాదు. మణియం నవల వెలువడిన 1981లోనే శ్రీశైలం ముంపు కింద కొల్లాపూర్, ఆలంపూర్ ప్రాంతాల రైతులు ఇండ్లూ పొలాలూ వదిలి లేచిపోయారు.

ఈ ఇంట్లో కొడుకుకు రెండు దారులున్నాయి. గుంపులో చేరితే తండ్రి మెప్పుకు కొలత ఉంది: పిల్లవాడికి నిండు కూలి పడిన రోజే వాడు మనిషయినట్టు. హాస్టల్లో చదువుకునేవాడికి ఆ కొలత లేదు. మార్కుల కాగితం తండ్రి చేతిలో ఉన్నా, దాన్ని దేనితో తూచాలో ఆయనకు తెలియదు. అందుకే ‘మంచిగ చదువు’ అన్న మాట దగ్గరే ఆగిపోతాడు. కొడుకు దాన్ని నిర్లక్ష్యం అనుకుంటాడు. వలస ఇండ్లలో మౌనానికి ఇంతకంటే పెద్ద కారణం నాకు కనబడదు.

అయితే పాలమూరులో నైనకు లేని ఒక అవకాశం ఉంది. వనపర్తి రాజభవనంలో 1959లో పాలిటెక్నిక్ మొదలైంది. తాపీమేస్త్రీ కొడుకు అలాంటి చోట సివిల్ డిప్లొమా చదివితే, కాగితం మీద వాడు గీసే గోడ తండ్రి తూకం గుండు వేలాడదీసి నిలబెట్టిన గోడే. కొడుకు చదువును తండ్రి తన పనితనంతో పరీక్షించగలడు, తప్పు పట్టగలడు, కాబట్టి మెచ్చనూగలడు. ఉతికిన బట్టకూ ఇంగ్లిషు పాఠానికీ మధ్య అలాంటి వంతెన ‘ది రిటర్న్’లో ఎక్కడా లేదు. రవి విషాదం అక్కడే ఉంది.

పాలమూరు వలసను కరువుగా, కూలిరేటుగా, పాటగా మనం చాలా విన్నాం. నాగర్‌కర్నూల్ జిల్లా గౌరారంలో పుట్టిన గోరటి వెంకన్న లాంటివారు పల్లె దుఃఖాన్ని ఊరూరా వినిపించారు. ఇంటి లోపలి తండ్రీకొడుకుల మాట మాత్రం ఇంకా సరిగా నమోదు కాలేదు. బొంబాయి, పూణె సైట్ల మీద పనిచేసి వచ్చిన ముసలివాళ్లు ఇవాళ ఊళ్లలోనే ఉన్నారు. 2008లో ఏర్పడిన పాలమూరు విశ్వవిద్యాలయంలో తెలుగు చదివే పరిశోధక విద్యార్థులు చాలామంది వాళ్ల బిడ్డలూ మనవలే. ముందుగా తమ ఇంటి నాయిననూ తాతనూ కూర్చోబెట్టి అడిగి, ఆ మాటలు వాళ్ల యాసలోనే రాసిపెట్టాలని నా మనవి.