నేలను బట్టి బలిమి: ఇడుపులపాయ పరిసరాల్లో మట్టి పటిష్ఠీకరణ

ఆధునిక మట్టి పటిష్ఠీకరణ చరిత్రను సాధారణంగా ఫ్రెంచి ఇంజినీరు ఆంరీ విదాల్‌తో మొదలుపెడతారు. 1963లో ఆయన పేటెంటు పొందిన విధానంలో ఉక్కు పట్టీలు మట్టికట్టను పట్టి ఉంచాయి. 1977 పారిస్ సదస్సుతో జియోటెక్స్‌టైల్ అనే పదం స్థిరపడింది. ఇలా చెప్పినప్పుడు చరిత్ర ఉక్కుది, పాలిమర్‌దే అవుతుంది. మట్టి పక్కకు తప్పుకుంటుంది. కడప జిల్లా నేలలు ఈ కథనాన్ని సవరించుకొమ్మంటాయి.

ఇడుపులపాయ శేషాచలం కొండల అంచున ఉంది. ఇక్కడి వేంపల్లె డోలమైటు, పులివెందుల క్వార్ట్జైటు శిలల పేర్లు భూవిజ్ఞాన గ్రంథాల్లో స్థిరపడినవే. ఈ కొండవాలుల్లో గరుకు మట్టి, రాతిముక్కలు దొరుకుతాయి. ఉత్తరాన జమ్మలమడుగు, ప్రొద్దుటూరు వైపు సాగితే నల్లరేగడి. తడిస్తే ఉబ్బి, ఎండితే నెర్రెలిచ్చే నేల అది. జియోగ్రిడ్ మట్టిని పట్టుకొనేది రాపిడితో, రేణువుల చిక్కుదలతో. నీరు నిలిచిన రేగడిలో ఆ రెండూ సన్నగిల్లుతాయి. అందుకే పటిష్ఠ మట్టి గోడల వెనుక నింపే మట్టిలో 75 మైక్రాన్లకన్నా సన్నని రేణువులు 15 శాతం మించరాదని, ప్లాస్టిసిటీ సూచిక 6 దాటరాదని నిర్దేశాలు సాధారణంగా కోరుతాయి. రేగడి ఈ పరీక్షలో నెగ్గదు. అక్కడ గ్రిడ్ ధరకన్నా ముందు లెక్కించవలసింది గరుకు మట్టిని తరలించే ఖర్చు.

కాలువల విషయంలోనూ ఇదే తర్కం కనిపిస్తుంది. 19వ శతాబ్దంలో మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ తవ్విన కర్నూలు–కడప కాలువను ప్రభుత్వం 1882లో కొనుగోలు చేసింది. అది రేగడి నేలల మీదుగా సాగుతుంది. అటువంటి నేలల్లో కాలువ లైనింగు కింద ఉబ్బని బంకమట్టి పొర వేసే పద్ధతిని తర్వాతి కాలంలో ఆర్.కె. కట్టి పరిశోధనలు ప్రతిష్ఠించాయి. అంటే మట్టికి మట్టితోనే జవాబు.

ఈ వివేకం ఇంజినీర్లతో పుట్టింది కాదు. సీమ పల్లెల్లో గోడమట్టిలో గడ్డి కలిపేవారు. ఎండేటప్పుడు పగుళ్లు విప్పారకుండా అది పట్టేది. మిద్దెపైన మాత్రం చౌడు పరిచేవారు. చౌడులోని సోడియం వల్ల బంకరేణువులు తడిలో విడిపోయి రంధ్రాలను పూడ్చి వాననీటిని ఆపుతాయి. పటిష్ఠీకరణకు ఆ గుణమే ఇబ్బంది: విడివడ్డ రేణువులు జియోటెక్స్‌టైల్ వడపోతను పూడ్చగలవు. పైగా పాలియెస్టర్ దీర్ఘకాలిక వాడకానికి సాధారణంగా అనుమతించే పీహెచ్ పరిధి 3 నుంచి 9. చౌడు నేలలు దానిని దాటవచ్చు. క్షారంలో పాలియెస్టర్ బంధాలు తెగిపోతాయి. చౌడు ప్రాంతాల్లో పాలీప్రొపిలీన్, పాలిథిలీన్ గ్రిడ్‌లకు ప్రాధాన్యం దక్కేది ఇందుకే.